కూత పెట్టిన వెనక బ్రేకు

మా బావకు, అంటే అక్క పెనిమిటికి, బస్టాండు పక్కన ఖాళీ షట్టరు ఒకటి ఉండేది. ఏడో తరగతిలో నేను మానేశాక బడి సుఖపడింది. నేను వాళ్లవీ వీళ్లవీ బండ్లు విప్పుతూ పని నేర్చుకున్నాను. ఆ షట్టరులో రిపేరు దుకాణం పెట్టాలని నా ఆశ. బావ ఒక్కటే మాట అన్నాడు.

"నా బండి వెనక బ్రేకు ప్యాడ్లు మార్చు బామ్మర్ది. మంచిగైతే షట్టరు తాళం నీదే."

మార్చాను. వీధి చివరిదాకా నడిపి తెచ్చేసరికి బండిని ఎవరో వెనక్కి గుంజుతున్నట్టుంది, పైగా కీచుమని ఒకటే కూత.

"ప్యాడ్లు మార్చమంటే పందిపిల్లను కట్టినవేందిరా" అన్నాడు బావ.

"రెండో హారన్ బావా. నీకని ఫ్రీగ పెట్టిన."

నవ్వాడు గానీ తాళం జేబులోంచి కదల్లేదు.

స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పితే సగం చుట్టుకే ఆగింది. డిస్క్ పళ్లెం ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ప్యాడ్లను పట్టుకుని ఉండే కాలిపర్ విప్పాను. అది అటూ ఇటూ జారాల్సిన పిన్ను తుప్పుతో బిగుసుకుంది. గరుకు కాగితంతో రుద్ది గ్రీజు పెట్టినా బ్రేకు పట్టు వదల్లేదు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీస్తే అంచుదాకా నిండి ఉంది. పాత ప్యాడ్లు అరిగినప్పుడల్లా ఎవరో పోస్తూ వచ్చారు. కొత్తవి మందం, ఆయిల్‌కు వెనక్కి పోయే చోటు లేదు. సిరంజితో గీత వరకు తీసి, ప్యాడ్లను తోసే పిస్టన్‌ను లోపలికి నొక్కాను. ఈసారి చక్రం రాట్నంలా తిరిగింది.

సన్నటి కూత మిగిలింది.

"కొత్తయి గద బావా, జర తిరిగితే అదే పోతది" అని చెప్పి మా పెరట్లోకి చేతులు కడుక్కోను పోయాను.

మా బాపు బతుకంతా పవర్‌లూమ్ మీదే. మగ్గం గానీ తలుపు గానీ ఊయల గానీ, మా ఇంట్లో ఏది కూసినా ఆయన నూనె డబ్బా వచ్చి వాలుతుంది. నేను తిరిగొచ్చేసరికి బండీ లేదు, బావా లేడు. డబ్బా పట్టుకుని బాపు ఉన్నాడు.

"కూత బందైంది పో" అన్నాడు తృప్తిగా.

"ఏడ పోసినవ్ బాపు?"

"గా పళ్లెం మీద. రెండు సుక్కలే."

నేను వీధిలోకి ఉరికేలోపే మూల దగ్గర బండి మోరీ కాలువలో పడ్డ చప్పుడు వినిపించింది. బావ మోకాలు చీరుకుపోయి, బండి నెట్టుకుంటూ వచ్చాడు. పళ్లెం మీద వేలు రాసి మా ఇద్దరికీ చూపించాడు.

"బ్రేకుకు నూనె పోసిందెవడ్రా?"

నేను బాపు వైపు చూశాను. బాపు కాలితో డబ్బాను మగ్గం కిందికి జరిపాడు.

"నేను మొదలే అనుకున్న అల్లుడు, వీనితోని కాదని."

అల్లుడి ముందు మామ తల దించడం మా ఇండ్లలో లేదు. దించాల్సి వస్తే ఇంకో తల చూసుకుంటారు. దగ్గర్లో నాదే ఉంది.

"నేనే బావా" అన్నాను. "కూత పోతదని పోసిన."

షట్టరులో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది. నేను ఇచ్చోడలో, హైవే పక్కన, వేరేవాళ్ల రిపేరు దుకాణంలో పాన పట్టుకున్నాను. మొన్న బాపు ఫోన్ చేశాడు.

"అల్లుని బండి మల్ల కూస్తుందట బిడ్డా. వచ్చి చూడరాదు."

"నీ డబ్బా ఉన్నది గద బాపు."

ఫోన్లో మగ్గం కిందికి డబ్బా జరిగిన చప్పుడు వినిపించింది.