శిఖరం చూసి దున్నిన చేను

నిన్న మనవరాలు బడిలో ఇచ్చిన పని చేసుకుంటూ ఒకదానిలో ఒకటిగా వలయాలు గీసింది. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టుంది. "ఇది కొండ అవ్వా. గీతలు దగ్గరగా ఉంటే ఎక్కడానికి కష్టమంట" అంది. అట్లాంటి వలయాలు నేను వెనక ఒకసారి చూశాను. అప్పటికి నాకు అక్షరాలు రావు.

మా చేను నల్లరేగడి. గట్టు వేస్తే వానకు కరిగిపోయేది. అందుకని మా మామ ఏటా మొదటి దుక్కికి ముందు బాట పక్క మూలరాయెక్కి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న కొండ శిఖరాన్ని చూసేవాడు. రాయి నుంచి శిఖరానికి చూపు సాగిన గీతే మా హద్దు. కోడలినైన నేను కర్ర పట్టుకుని చేను ఆ చివరకు పోయి ఆయన వైపు తిరిగి నిలబడాలి. "కుడికి... ఇంగా కుడికి... నీ కుడి కాదమ్మే, నా కుడి" అని ఊరంతా వినబడేట్టు అరిచేవాడు. ఎన్నేళ్ళయినా నాకు ఆ కుడి అంతుబట్టలేదు.

గనులు జోరందుకున్నాక కొండను పైనుంచి తొలిచారు. ఒక కొన తరిగితే పక్క దిబ్బ కొన అయ్యేది. చూపు మందగించిన మామకు ఎర్రదుమ్ములో ఎత్తుగా కనబడిందే శిఖరం. నా కర్ర ఏటేటా మా చేలోకే జరిగింది. మూడో ఏడు నిరుటి మా జొన్నకొయ్యల నడుమ నిలబడి, "మామా, ఇది మన నేలే కదా" అన్నాను.

"కొండ అబద్ధం చెప్తాదా? నాటు."

నాటాను.

మేము వదిలిన నేలంతా పక్క చేనాయన కలుపుకుని, ఖనిజం పోసుకోమని లారీలవాళ్ళకు ఇచ్చేశాడు. మామ అడిగితే, "కొండ జరిగిందప్పా, నేను జరగలే. నువ్వు దున్నిందే నీ హద్దు" అని నవ్వాడు.

బళ్ళారి నుంచి సర్వే మనిషిని పిలిపించాం. ఆయన పటం పరిచాడు. వలయాల నడుమ ఒక చుక్క, దాని పక్కన ఏదో రాసి ఉంది. "పటంలో ఉండాది, సరే. కొన యాడ ఉండెనో చూపించమ్మా, ఆడనుంచి కొలుస్తా" అన్నాడు. మామ నా వైపు చూశాడు. నేను వేలు చాపాను. ఆ వేలికి ఎదురుగా ఉత్త ఆకాశం. సర్వే మనిషి మర్యాదకు కాసేపు అటే చూసి, పటం చుట్టేశాడు.

ఆ తర్వాత కూడా మామ పోయేదాకా ఏటా రాయెక్కాడు. నేను కర్ర పట్టుకుని నిలబడేదాన్ని. కుడికి అనలేదు, ఎడమకి అనలేదు.

మనవరాలి వలయాల నడుమ ఒక అంకె ఉంది. కొండ ఎత్తట. కూడబలుక్కుని చదివాను. ఆ రోజు చుక్క పక్కన రాసి ఉన్నదీ కొండ ఎత్తే అయ్యుంటుంది. నాకు చదవడం వచ్చేలోపు మా కొండ కాగితం మీదికి వెళ్ళిపోయింది.