ఎడమచేతివాటం పిల్లలు

1984 జూన్‌లో బడులు తెరిచేనాటికి నేను నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే స్కూల్ అసిస్టెంటుని. అక్కడ అది నా పదకొండో ఏడు. సీనియారిటీలో హెడ్మాస్టరు ప్రకాశం గారి తర్వాత నేనే. ఆ ఏడాది ఉత్తమ ఉపాధ్యాయుడి అవార్డుకు నా పేరు పంపుతామని ఆయన మాట ఇచ్చారు.

పేరు పంపడం హెడ్మాస్టరు చేతిలో ఉన్నా, తేల్చేది మాత్రం ఇన్‌స్పెక్షన్. జిల్లా విద్యాశాఖాధికారి, మా భాషలో డి.ఇ.ఓ. గారు, వచ్చి రికార్డులు చూసి, తరగతిలో వెనక కుర్చీ వేసుకుని పాఠం వినేవారు. వెళ్లే ముందు లాగ్ బుక్కులో నాలుగు వాక్యాలు రాసేవారు. ఆ నాలుగు వాక్యాలే మా జాతకం.

ఇన్‌స్పెక్షన్ కోసం నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. ప్రశ్న అడిగితే తరగతిలో అందరూ చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. నేను కుడిచేతుల్నే అడుగుతాను. వెనక కూర్చున్న అధికారికి చేతుల అడవి కనిపిస్తుంది, తప్పు జవాబు ఒక్కటీ వినిపించదు. ఆ రోజున తడబడకుండా ఏడాది పొడవునా ఇదే అలవాటు చేయించేవాణ్ణి.

ఆ జూన్‌లోనే రూత్ వచ్చింది. ఇంగ్లండులో చిన్నపిల్లల బడిలో టీచరు. జీతం తీసుకోకుండా ఏడాదిపాటు మన బడుల్లో పనిచేసి, మన పద్ధతులు తెలుసుకోవడానికి ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను పంపింది. హెడ్మాస్టరు గారి మేడ మీద గదిలో దిగింది. ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పడం, వారానికి రెండుసార్లు నా తొమ్మిదో తరగతిలో కూర్చుని నోట్సు రాసుకోవడం ఆమె పని.

దాచడం దేనికి, ఆమె వచ్చిన మొదటి వారం నుంచే నాకు కడుపుమంట. అంతవరకు ఆ చుట్టుపక్కల ఇంగ్లీషంటే నేనే. ఇంగ్లీషువాళ్లు మాట్లాడగా నేను విన్నది రేడియోలోనే. ఆమె రెండు ముక్కలు మాట్లాడేసరికి నా ఉచ్చారణ ఎంత నాటుదో నా పిల్లలకే తెలిసిపోయింది. ఏటా తోటల్లో చివరి కోత చిన్నరసాల బుట్ట నా బల్ల మీదికి వచ్చేది. ఆ ఏడు నేరుగా ఆమె బల్ల మీదికి పోయింది.

"ఏంటండీ మేష్టారూ, బుట్ట దారి తప్పింది?" అన్నారు తెలుగు పండితులు. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!"

నేను నవ్వినట్టు నటించాను.

రూత్‌ది పుర్రచెయ్యి. బోర్డు మీద రాతా అదే చేత్తో, పిల్లలిచ్చిన పండు అందుకోవడమూ అదే చేత్తో. మన దగ్గర ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం మర్యాద కాదని పదిమందిలో చెప్పాను. అందులో మర్యాద నేర్పడం కన్నా ఆమెను ఒక మెట్టు దించడమే ఎక్కువ. ఆమె ఎర్రబడి, క్షమించమని, వెంటనే పుస్తకంలో రాసుకుంది.

ఆ రాసుకోవడమే నా మెడకు చుట్టుకుంది. పది రోజుల తర్వాత నా పాఠం అయ్యాక వచ్చి, ఎడమచెయ్యి మర్యాద కాదన్నారు కదా, మరి మీ తరగతిలో పదిహేడుమంది ఆ చెయ్యే ఎత్తుతున్నారేమిటని అడిగింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్లంతా ఎడమచేతివాటం పిల్లలని చెప్పేశాను.

ఆమె మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు టీచర్లు తన ఎడమచేతిని మానిపించాలని చాలా ఏడిపించారట. ఆ పదిహేడుమందికీ సాయంత్రం పూట తాను రాత నేర్పుతానంది. కాదనడానికి కారణం ఏం చూపించను? సరేనన్నాను.

ఆ పదిహేడుమందిలో ఎక్కువమంది తోట కాపలాదార్ల పిల్లలు. పూత రోజుల్లో, పిందె రోజుల్లో సగం దినాలు బడికి రారు. అందులో కుమారి అనే అమ్మాయి గొంతు నేను ఏడాదంతా విన్నది హాజరు పిలిచినప్పుడే. అలాంటివాళ్లు చివరి గంట కొట్టగానే బడి పక్క మామిడితోటలో రూత్ పాఠానికి పరుగెత్తేవారు. దూరం నుంచి వాళ్ల నవ్వులు వినిపించేవి. నా తరగతిలో వాళ్లు నవ్విన గుర్తు లేదు. ఆ పిల్లలు నాకు పనికిరారు, నిజమే. అయినా నావాళ్లను ఆమె ఎగరేసుకుపోయిందని కళ్లలో నిప్పులు పోసుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ పడింది. డి.ఇ.ఓ. గారు నా తరగతిలో వెనక కూర్చున్నారు. పక్కన ప్రకాశం గారు, రూత్. వాక్యాలను కర్మణి ప్రయోగంలోకి మార్చడం ఆనాటి పాఠం. మొదటి ప్రశ్న వేసి తరగతి వైపు చూశాను. నలభై మూడు చేతులు లేచాయి. నలభై మూడూ కుడిచేతులే.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. ఇన్నేళ్ల కట్టడిని ఈవిడ నిలువునా చెడగొట్టింది, పై అధికారి ముందు నన్ను నవ్వులపాలు చేయడానికే ఇదంతా, అనుకున్నాను. ఆ పిల్లలకు నిజంగానే పాఠం వచ్చి ఉంటుందన్న ఆలోచన నాకు రానేలేదు. మొదటి బెంచీలో నలుగుర్ని అడిగాను. తిరిగి ఆ నలుగుర్నే అడిగాను.

డి.ఇ.ఓ. గారు గొంతు సవరించుకున్నారు. "ముందు బెంచీ చాలండీ. ఆ చివర అమ్మాయిని లేపండి."

ఆ చివర కుమారి. నా అవార్డు అక్కడితో సరి అనుకున్నాను. ఆ అమ్మాయి లేచి, వాక్యాన్ని తప్పు లేకుండా మార్చి చెప్పింది. సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నారాయన. "ది గార్డెన్ ఈజ్ వాచ్‌డ్ బై మై ఫాదర్" అంది. ఆయన మరో ఐదుగురిని వెనక బెంచీల నుంచే లేపారు. ఒక్కరూ తప్పలేదు. లాగ్ బుక్కులో నాలుగు కాదు, తొమ్మిది వాక్యాలు రాసి వెళ్లారు.

జీపు కదలగానే తోటలోకి వెళ్లి రూత్‌ను నిలదీశాను. నా పిల్లలకు ఏం చెప్పారు, ఎవరిని అడిగి చెప్పారు, అన్నాను. ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది. రెండో వారంలోనే వాళ్లంతా కుడిచేత్తో రాయడం చూసిందట. కుమారి అసలు సంగతి చెప్పేసిందట. రెండు రోజులు నామీద చాలా కోపం వచ్చిందంది.

"తర్వాత మా బడి గుర్తొచ్చింది. అక్కడ తెలియని పిల్లలు అసలు చెయ్యే ఎత్తరు. తలొంచుకుని దాక్కుంటారు. వాళ్లెవరో నాకు ఏడాది చివరికి గానీ తెలియదు. మీ పిల్లలు మాకు తెలియదని రోజూ చెయ్యెత్తి చెబుతున్నారు. ఇంత మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు. మీరు వాళ్లను అడగడం లేదు, అంతే."

సాయంత్రాలు రాత మాని, పగలు తరగతిలో జరిగిన పాఠాలే వాళ్లకు మళ్లీ చెప్పానని, నియమాన్ని తాను మార్చలేదని, తెలిస్తేనే కుడిచెయ్యి ఎత్తమందని, ఈ రోజు అందరికీ తెలుసు కాబట్టి అందరూ అదే ఎత్తారని చెప్పింది. తిరిగి వెళ్లాక తన బడిలోనూ ఇదే పెడతానని, అప్పటికే వాళ్ల హెడ్మిస్ట్రెస్‌కు ఉత్తరం రాశానని అంది.

అప్పుడు నాకు సిగ్గు కలగాలి. కలిగింది అసూయే. నేను కళ్లు కప్పడానికి పెట్టుకున్న దొంగ ఉపాయాన్ని కూడా ఆవిడ నాకన్నా బాగా వాడుకుంది. నా చేతిలో అది పదకొండేళ్లుగా ఉంది.

మే నెలలో రూత్ వెళ్లిపోయింది. సెప్టెంబరులో మచిలీపట్నంలో నాకు శాలువా కప్పారు. వెనకబడిన పిల్లల్ని పైకి తెచ్చినందుకని ప్రశంసాపత్రంలో ఉంది. మాట్లాడమని మైకు ఇస్తే హెడ్మాస్టరు గారికి, డి.ఇ.ఓ. గారికి కృతజ్ఞతలు చెప్పి దిగాను. రూత్ పేరు ఎత్తలేదు. ఎత్తడం ఇదే మొదలు.

అధికారికి కనబడకుండా నేను దాచిన పిల్లలే నేను చూడవలసిన పిల్లలు. ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. కుడిచెయ్యి, ఎడమచెయ్యి నియమం ఏ బడిలోనూ మానలేదు. కాకపోతే ముందు ఎడమచేతుల్ని లేపి, ఎక్కడ ఆగిపోయావని అడిగేవాణ్ణి. ఇన్‌స్పెక్షన్ రోజున కూడా అంతే. లాగ్ బుక్కులో మళ్లీ తొమ్మిది వాక్యాలు నా పేరు మీద ఎవరూ రాయలేదు.