హాజరు పిలిచే వేళ

వరంగల్‌లో పాలిటెక్నిక్ చదివిన మొదటి ఏడు, హాజరు పిలుస్తుంటే నాకు చెమటలు పట్టేవి. నాకు నత్తి. ‘ప్రెజెంట్ సార్’ అనేలోపు సార్ తర్వాతి నంబరు పిలిచేవారు. క్లాసులో కూర్చుని కూడా ఆబ్సెంటు పడేది. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు.

ఒకరోజు నా పక్కనున్న రఘునాథపల్లి మిత్రుడు నా బదులు పలికాడు.

“ప్రాక్సీ ఎవడ్రా?” అన్నారు సార్. మిత్రుడే లేచి నిలబడ్డాడు.

“ప్రాక్సీ కాదు సార్. మనిషి ఈడనే ఉన్నడు, మాటనే జర లేటుగ వస్తది.”

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. మళ్లీ నా నంబరు పిలిచి, పెన్ను పట్టుకుని ఆగారు. ఆ నిశ్శబ్దానికి నా భయం రెట్టింపయింది. మొదటి అక్షరం దగ్గరే చాలాసేపు తడబడ్డాను. మాట పూర్తయ్యాకే ఆయన టిక్కు పెట్టారు.

మర్నాడు కూడా భయంతోనే లేచి నిలబడ్డాను. ఆయన ఆగారు.