పగిలిన అంజూరాలు

పొద్దున్నే తోటలోకి దిగే ముందు మారెక్క మోచేతుల దాకా ఆముదం పూసుకుంటుంది. అంజూర తొడిమలోంచి కారే పాలు తగిలితే చేతులు దురద పెడతాయి. బళ్ళారి మార్కెట్టుకు గట్టిగా ఉన్నవి, పూర్తిగా పండడానికి ఒక రోజు ముందే కోసినవి పంపుతుంది. చెట్టు మీదే పండి మూతి పగిలినవి బస్సు కుదుపులకు నిలవవు. వాటిని అరటాకు పరిచిన బుట్టలో పేర్చుకుని, మోక ఊరి అంగన్‌వాడీకి నడిచి వస్తుంది. మొదటి రోజు టీచరు మహాదేవి ఆ బుట్టను గడప దాటనివ్వలేదు. “బ్యాడక్కా, వద్దు, తీస్కపో. మార్కెట్టులో పోనివి మా పిల్లోళ్ళకా?” మారెక్క తన మనవరాలికి ఏరి పెట్టే పండ్లే అవి. ఆ సంగతి చెప్పకుండానే బుట్ట ఎత్తుకుని వెనక్కి నడిచింది.

మర్నాడు మార్కెట్టు బుట్టలోంచే నున్నటివి ఏరి తెచ్చింది. నాలుగేళ్ళ రశ్మి ఒకటి కొరికి, మొహం చిట్లించి, మిగిలిన ముక్కను చాప మీద పెట్టేసింది. పక్కనున్న పిల్లలూ అంతే. మారెక్క కొంగుముడి విప్పి, పగిలిన పండొకటి తీసి టీచరు చేతిలో పెట్టింది.

“ముందు నువ్వు తిను తల్లీ. పురుగుండాదేమో నీకే తెలుస్తాది.”

మహాదేవి పండును రెండుగా విప్పి, ఎర్రటి గుజ్జును కిటికీ వెలుతురులో తిప్పి చూసి, నోట్లో వేసుకుంది.

“ఇంగోటి ఉండాదా అక్కా?”

“రేపు తెస్తాలే.”

ఇప్పుడు ఆ కేంద్రంలో పిల్లలు ఇరవై ఇద్దరు. అంజూర కాసినన్నాళ్ళూ మారెక్క బుట్టలో రోజూ ఇరవై మూడు పండ్లుంటాయి, అన్నీ పగిలినవే.