పెళ్లిచూపుల్లో పద్నాలుగో ఎపిసోడ్

ఫోన్లో నెట్ చౌకై, కొరియా సీరియళ్లు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నాకు మనుషుల మీద నమ్మకం పూర్తిగా పోయింది. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే, మా అవ్వ పక్కన మంచమెక్కి ఫోన్ తెరిచేదాన్ని. గొడుగు పట్టినవాడు ప్రేమిస్తాడు, చేయి పట్టి లాగినవాడు కోటీశ్వరుడై ఉంటాడు, లారీ కనబడిందంటే ఎవరో ఒకరు గతం మరిచిపోతారు. అన్నీ ముందే తెలిసినా మళ్లీ ఏడ్చేవాళ్లం (తెలిసిన చోటే ఏడుపు హాయిగా వస్తుంది). అవ్వ జీవితమంతా గొర్రెలను కొని అమ్మిన మనిషి. సంతలో జీవాన్ని చూసినట్టే హీరోనూ చూసేది. వాడి ముక్కులోంచి ఒక్క రక్తపు చుక్క రాలితే చాలు, "వీడు పద్నాలుగో ఎపిసోడ్ దాటడు బిడ్డా" అని తేల్చేసేది. ఎన్నడూ తప్పలేదు.

అలాంటి ఇంటికి నడి ఎండాకాలంలో పెళ్లిచూపులకు వచ్చాడు, కొత్తకోటలో హైవే పక్కన టైర్ల దుకాణం నడిపే అబ్బాయి. చూడగానే నచ్చాడు, అందుకే అనుమానం వచ్చింది. ఇంత నెమ్మదస్తుడు ఏదో ఒకటి దాచకుండా ఉంటాడా? నేను చాయ్ అందిస్తుంటే అతని ముక్కులోంచి ఎర్రటి చుక్క తెల్లచొక్కా మీద పడింది. నేనూ అవ్వా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నయంకాని జబ్బు, చెప్పని నిజం, ఆఖర్న మంచు కురుస్తుంటే నేనొక్కదాన్నే (పాలమూరులో మంచెక్కడిదని మాత్రం తట్టలేదు).

ఎండకు చిన్నప్పటి నుంచీ అంతేనని అతను చెప్పినా అవ్వ నమ్మలేదు. వంటింట్లో తన కొడుకును, మా బాపును పట్టుకుని, "ముక్కు కారే జీవాన్ని ఎవలన్న కొంటరా?" అని నిలదీసింది. చివరికి దవాఖానలో పరీక్షలు చేయించుకుంటేనే మాట ముందుకు సాగుతుందని కబురు పంపాం. వాళ్లమ్మకు కోపమొచ్చి, అసలు పిల్లకే మతి సరిగా లేదేమోనని అన్నదట. సంబంధం పోయిందనుకున్నాం. నాకు అన్నం సహించలేదు. పెళ్లి కాకపోయినా సరే, అతను బతకాలని యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాను.

ఒక ఆదివారం అతనే వచ్చాడు, రిపోర్టు పట్టుకుని. అవ్వ ఆ కాగితం వంక చూడనేలేదు. గొర్రెకు ఒంట్లో రక్తముందో లేదో చూసినట్టే అతని కింది రెప్ప లాగి చూసి, "ఎర్రగనే ఉన్నది" అని ఒప్పుకుంది. అతను నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "మా చెల్లె గూడ గవే సీరియళ్లు చూస్తది. పద్నాలుగో ఎపిసోడ్ భయం గదా?" సిగ్గుతో చచ్చిపోయాను. అతను బతికే ఉన్నాడన్న సంతోషం అంతకన్నా ఎక్కువైంది.

ఇప్పుడు అవ్వ లేదు. ఎండలు ముదిరితే ఆయన ముక్కులోంచి ఇంకా రక్తం పడుతుంది. తల తడిపి, ఉల్లిగడ్డ వాసన చూపించి పడుకోబెడతాను. ఎండ వల్లేనని తెలుసు. అప్పటి నా పిచ్చి తలుచుకుని నవ్వుకుంటాను కూడా. అయినా ఆయన కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని, అవ్వలాగే మెల్లగా కింది రెప్ప లాగి చూస్తాను.

"ఇంక ఎన్ని ఎపిసోడ్లున్నయి?" అంటాడు, కదలకుండానే.

చాలా ఉన్నాయంటాను.