మగ్గం మీది సెట్లు

2003లో ధర్మవరంలో టీ గ్లాసు చిన్నదైపోయింది. వానలు అంతకు ముందే చిన్నవైపోయాయి కాబట్టి ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బీఎస్సీ చదివి, పాత గోదాములో జిమ్ పెట్టుకున్న నేను మాత్రం ఒక టీకి బదులు రెండు తాగుతూ నిరసన తెలిపేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఓబులేసు వచ్చాడు. పట్టుచీరలు నేసే కుర్రాడు. కానిస్టేబుల్ సెలక్షన్‌లో పరుగు పాసై, ఛాతీ కొలతలో ఒక్క అంగుళం తక్కువై ఇంటికి వచ్చేశాడు. మళ్లీ సెలక్షన్ ఐదు నెలల్లో ఉందన్నాడు.

"ఈతూరి పోతే నాకు వయసు దాటిపోతాదన్నా. నువ్వెంత చెప్తే అంత చేస్తా."

కొత్త ట్రైనర్‌తో అనకూడని మాట అది. వారానికి ఆరు రోజులు రమ్మన్నాను. ఛాతీకి రోజు విడిచి రోజు ఇరవై సెట్లు రాసిచ్చాను. బరువును ఆగకుండా పదిసార్లు ఎత్తి దించితే ఒక సెట్. వారంలో చేసే మొత్తం సెట్లు వాల్యూమ్, ఎన్ని రోజులు చేస్తామన్నది ఫ్రీక్వెన్సీ. రెండూ పెంచితే కండ పెరిగి తీరాలని నా సిద్ధాంతం. నాకైతే పెరిగింది. నాకు జిమ్ తప్ప వేరే పని లేదన్న సంగతి సిద్ధాంతంలో చేర్చలేదు.

ఆరు వారాల తర్వాత టేపు పెడితే పావు అంగుళం తగ్గింది. నేను చలించలేదు, ఇంకో నాలుగు సెట్లు కలిపాను. తర్వాతి వారం భుజం పట్టేసి, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదని కబురొచ్చింది. చూద్దామని ఇంటికి వెళ్లాను.

ఓబులేసు గుంత మగ్గంలో, నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తున్నాడు. కుడిచేత్తో తాడు లాగితే నాడె పోగును తీసుకుని అటు పోతుంది. నొప్పి ఉన్న ఎడమచేత్తో పలకను ఛాతీ వైపు లాగి, ఆ పోగును కొట్టి బిగిస్తాడు. మళ్లీ తాడు, మళ్లీ పలక. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందలు దాటాక మానేశాను. రోజుకు ఎంతసేపని అడిగాను. ఎనిమిది గంటలట, పెళ్లి చీరలుంటే పది.

"మరి నాకు చెప్పలేదే?"

"నువ్వడగల్యా. ఇది పని కదన్నా, కసరత్తు యాడ?"

నాకు విషయం అర్థమైంది. బీఎస్సీ మూడేళ్లలో ఒక్కసారీ కలగని అనుభవం. ఇతను వేల సెట్లు వేసి, అలసిన భుజాలతో నా దగ్గరికి వస్తున్నాడు. కండ పెరిగేది బరువు ఎత్తేటప్పుడు కాదు, ఎత్తాక విశ్రాంతిలో. నేను ఆ విశ్రాంతిని కూడా సెట్లతో నింపేశాను.

షెడ్యూల్ అక్కడే చింపేశాను. భుజం కుదురుకున్నాక వారానికి రెండు రోజులు జిమ్, ఛాతీకి రోజుకు ఐదే సెట్లు, మగ్గం ఒక పూటే. మిగతా పూట ఎవరు నేయాలన్నది నా సబ్జెక్టు కాదు. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడో మానేసిన వాళ్ల నాయన నారాయణప్ప మళ్లీ గుంతలోకి దిగాడు.

"ఇంతేనా అన్నా? చెమట కూడా పట్టల్యా" అని ఓబులేసు అనుమానంగా చూసేవాడు. ఎత్తే బరువు మాత్రం వారం వారం పెరిగింది. ఆదివారం ఆదివారం కొలత. మొదటి పావు అంగుళం వచ్చిన రోజు మూడుసార్లు కొలిచి, నా మీద నాకే నమ్మకం లేక పక్క కొట్టు శెట్టిగారిని పిలిచి నాలుగోసారి కొలిపించాను.

సెలక్షన్‌లో అర అంగుళం ఎక్కువే తేలింది. అనంతపురం నుంచి బస్సు దిగి నేరుగా జిమ్‌కే వచ్చాడు. ఛాతీ ఇంకా ఉబ్బే ఉంది, దారి పొడుగునా ఊపిరి వదిలినట్టు లేదు.

అప్పటి నుంచీ ఎవరు చేరినా, బరువు ముట్టుకోకముందే రోజంతా ఏం పని చేస్తారో అడుగుతాను. బండలు కొట్టేవాడికీ బ్యాంకు గుమస్తాకూ ఒకే షెడ్యూల్ రాయను.

ఈ జ్ఞానాన్ని దాచుకోలేక, ఓబులేసు సెలక్షన్ నుంచి వచ్చిన సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, నారాయణప్పకు వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ, విశ్రాంతి అన్నీ పావుగంట సేపు వివరించాను. ఆయన నేత ఆపకుండానే అంతా విన్నాడు.

"అంతా సరేప్పా. ఇన్ని నెల్లు వాని మగ్గం లాగింది నేను. నా సెట్లు యాడ రాసినావు?"