నేల మీద పడుకున్న శుక్రవారాలు

అప్పట్లో గల్ఫ్‌లో, గుదైబియా అనే పేటలో మా ఫ్లాటు ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన డ్రైవరు. మెడ దగ్గర పుట్టిన నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగి, చివరికి సూదిలో దారం కూడా ఎక్కించనివ్వలేదు. డాక్టరు మాత్రలు రాసి, కుట్టడం మానెయ్యమన్నాడు.

"మాననండీ. మానకుండా తగ్గే దారి ఉంటే చెప్పండి" అన్నాను. ఆయన తరవాతి పేషెంటును పిలిచాడు.

ఆ దారి చూపించినావిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. మలయాళీ, ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసేది. మా ఇద్దరికీ మధ్య హిందీయే భాష. కొలత తీయడానికి చెయ్యెత్తి నేను మొహం ముడుచుకోవడం చూసి, "కాసేపు కుట్టు, చూస్తాను" అంది.

కుట్టాను.

"గుడ్డ ఇంకా కదలనేలేదు. నీ భుజం చెవి దాకా ఎందుకు లేస్తోంది?"

ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

దుప్పటి పరిచి నన్ను వెల్లకిలా పడుకోమంది. తల కింద రెండు చేతులూ పెట్టి, "ఈ బరువు నాకిచ్చెయ్" అంది. ఇచ్చాననే అనుకున్నాను. "ఇవ్వలేదు, ఇంకా నువ్వే మోస్తున్నావు" అని నవ్వింది. చాలాసేపటికి మెడలో ఏదో వదిలింది, తల ఆవిడ చేతుల్లోకి జారింది. అప్పుడు నాకు హాయి కన్నా ముందు కోపం వచ్చింది. పడుకున్నప్పుడు కూడా నా తల నేనే మోసుకుంటూ బతికానన్నమాట!

ఆవిడ చెప్పింది పెద్ద కసరత్తేం కాదు. తల కొంచెం పక్కకి తిప్పాలి, నొప్పి రాకముందే ఆగాలి, ఊపిరి బిగబట్టానేమో చూసుకోవాలి. మోకాళ్ళు మడిచి నడుము మెల్లగా అటూ ఇటూ వాల్చాలి. లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి లేవాలి. మిషను కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచుకున్నాను. నొప్పి మొత్తం పోలేదు కానీ చెయ్యి నా మాట వినసాగింది.

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఎక్కువమంది ఇళ్ళలో పని చేసే గోదావరి ఆడవాళ్ళు. ఆరాధనకని ఇచ్చే ఆ ఒక్క శుక్రవారమే వాళ్ళకి సెలవు. ఒక శుక్రవారం, అరాద్‌లో ఒక ఇంట్లో పని చేసే ఆవిడ ప్రార్థనలో మోకరించి మళ్ళీ లేవలేకపోయింది. భోజనాలయ్యాక ఆరాధన జరిగే హాల్లోనే ఓ మూల ఆవిణ్ణి పడుకోబెట్టి, నాకు తెలిసింది చెప్పాను. మరుసటి వారం ఇంకొందరు పక్కన చేరారు.

సంఘ పెద్ద గారికి నచ్చలేదు. "ఏంటమ్మా ఇది? దేవుడి హాల్లో ఆడవాళ్ళు ఇలా నేలమీద పడుకోవడం ఏం మర్యాద?" అన్నారు.

"వారమంతా పరాయి ఇళ్ళ నేలలు వంగి తుడిచేవాళ్ళండీ వీళ్ళు. ఒక్కపూట నేల మీద నడుం వాలిస్తే ఎవరి మర్యాద పోతుందండీ?"

"నాకే ఎదురు చెబుతున్నావా?"

"చెబుతున్నానండీ."

ఆ మాట నా నోట్లోంచి అంత నిదానంగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. భుజాలు మాత్రం లేవలేదు.

ఆ తరవాత భోజనాలు కాగానే హాలుకి తాళం పడేది. సరే, మా బిల్డింగు మిద్దె ఉంది కదా అనుకున్నాను. ఎదురు మిద్దె మీద బ్యాచిలర్ల చూపు పడకుండా తీగల మీద దుప్పట్లు అడ్డం కట్టాం. మా ఆయన మొదట విసుక్కున్నారు. "పెద్దాయనతో మనకెందుకే గొడవ? ఊరుకోవచ్చుగా."

"నొప్పి ఊరుకోవట్లేదండీ" అన్నాను. ఆయన చాపలు చుట్టి భుజాన వేసుకుని మెట్లెక్కారు.

సాయంత్రం ఎండ దిగాక మిద్దె వెచ్చగా ఉండేది. పడుకోగానే కొందరు నిద్రపోయేవాళ్ళు. లేపేదాన్ని కాదు. ఒకావిడ "ఇలా ఊరికే పడుకుంటే భయంగా ఉందక్కా, ఎవరో తిడతారేమో అనిపిస్తోంది" అంది. "తిడితే నన్ను తిట్టమను" అన్నాను. సంఘంలో కొందరు మాతో మాట్లాడ్డం మానేశారు. ఆ ఏడు క్రిస్మస్‌కి పాటల గుంపులోంచి నన్ను తీసేశారు. చివరి వరసలో నిలబడి, అందరికన్నా గట్టిగా పాడాను.

కొన్నాళ్ళకి అరాద్ ఆవిడ మిద్దె ఎక్కుతూనే, ఆయాసంలోనే చెప్పేసింది. "మేడంతో చెప్పేశానక్కా! ఇకమీదట వంగి తుడవను, పొడుగు కర్ర మాప్ కొంటే నిలబడే తుడుస్తానని."

"ఏమంది?"

"అరిచింది. నేను నిలబడే విన్నాను."

వారం తిరక్కుండా మేడం మాప్ తెప్పించిందట.